ఆఫీసు వేళకు తాళం పడే వంటిల్లు

పన్నుల ఆఫీసంటే మీకు కోపం. ఉండాల్సిందే. అందులో అటెండర్‌గా పనిచేసి రిటైరైన నాకే ఉండేది, మీకెందుకుండదు? ఇప్పుడు మీరు ఫోన్లో నొక్కుతారు, 'పెండింగ్' అని వస్తుంది, మళ్ళీ నొక్కుతారు. మా రోజుల్లో మెట్లెక్కి రావాలి. వచ్చి, ఎవరి మీద అరవాలో వాళ్ళ ముందర నిలబడి అరవొచ్చు. అలా అరిచిన ఒక పిల్ల గురించి రాస్తున్నాను. నేను అక్షరాలు ఆలస్యంగా నేర్చుకున్న మనిషిని. నగిషీలు నాకు రావు.

మా ఆఫీసు గచ్చిబౌలి దారిలో ఒక కిరాయి బిల్డింగు పై అంతస్తులో ఉండేది. కింద సెల్‌ఫోన్ల దుకాణం. కిటికీలోంచి చూస్తే సాఫ్ట్‌వేర్ కంపెనీల అద్దాల మేడలు, లోపల చూస్తే బీరువాల మీద మూటలు కట్టిన పాత ఫైళ్ళు. అద్దాల మేడల్లో కొత్తగా దుకాణమో క్యాంటీనో పెట్టేవాడెవడైనా మా దగ్గర వ్యాట్ నంబరు, అంటే జీఎస్టీ రాకముందు ఉన్న అమ్మకం పన్ను నంబరు, తీసుకోవాలి. ఆ నంబరు ఇచ్చేముందు మా ఇన్‌స్పెక్టర్ వెళ్ళి, చెప్పిన అడ్రసులో నిజంగా వ్యాపారం జరుగుతోందో లేదో చూసి రావాలి. పద్ధతి మంచిదే. చూసే వేళతోనే వచ్చింది తంటా.

మా ఇన్‌స్పెక్టర్ సారుది వరంగల్ దిక్కు. ఉద్యోగ సంఘం కార్యదర్శి. మైకు దొరికితే వదిలేవాడు కాదు. పైసా ముట్టడు. ఈ మాట పొగడ్తగా రాయడం లేదు. ముట్టేవాడైతే ఆ పిల్ల పని ఏనాడో అయిపోయేది. ఈయన రూలు ప్రకారం పోతాడు, రూలు ప్రకారం వస్తాడు, మధ్యలో మనిషి ఏమైపోయినా ఆయనకు కనపడదు.

ఆయన పైన సూపరింటెండెంట్ మేడమ్. మేము చాటుగా అబ్జెక్షన్ మేడమ్ అనేవాళ్ళం. ఏ ఫైలు పెట్టినా ఏదో ఒక అభ్యంతరం రాసి వెనక్కి పంపేది. నలభై దాటాక నాకు అక్షరాలు దిద్దించింది ఆమే. ఆఫీసు అయిపోయాక బల్ల మీద పలక పెట్టి కూర్చోబెట్టేది. నా రాతకూ అబ్జెక్షన్లే. ఒక్కోసారి పలక తుడిచేసి మళ్ళీ మొదటి నుంచి రాయించేది. ఆమె మీద నాకు కోపం ఎంత ఉండేదో ప్రేమ అంత ఉండేది.

అందరి పైన ఆఫీసరుగారు. గుంటూరు వైపు మనిషి. నల్లగండ్లలో అపార్టుమెంటు. నాతో కూడా "అండీ" అనే మాట్లాడేవాడు. ఆయన "చూద్దామండి" అంటే ఆ పని అవుతుందో లేదో మాకెవరికీ తెలిసేది కాదు.

ఇక ఆ పిల్ల. పాలమూరు వైపు నుంచి బిల్డింగు పనులకు వచ్చిన కుటుంబం. తండ్రి లేడు. పది చదివింది. ఒక కంపెనీ క్యాంటీన్లో అంట్లు తోమే పనికి చేరి, అక్కడే వంట నేర్చుకుని, ధైర్యం చేసి బయటికి వచ్చేసింది. హఫీజ్‌పేట్ స్టేషన్ వెనక బస్తీలో ఒక గది, దాని ముందు రేకుల షెడ్డు. తల్లీ బిడ్డా కోడి కూయకముందే లేచి ఇడ్లీ, ఉప్మా, పులిహోర చేసి, గిన్నెలు ఆటోలో వేసుకుని గచ్చిబౌలి రోడ్డు పక్కన పెట్టేవాళ్ళు. ఆఫీసు బస్సులు దిగిన పిల్లలు నిలబడి తినేవాళ్ళు. ఆ తిండి నచ్చి ఒక అద్దాల మేడ మేనేజరు ఆమెను పిలిచి, కింది అంతస్తులో కౌంటర్ ఇస్తానన్నాడు. ఉగాది లోపల వ్యాట్ నంబరు తేవాలి, లేకుంటే ఇంకొకరికి ఇచ్చేస్తానన్నాడు. రోడ్డు పక్కన ఎండకూ వానకూ, పోలీసుల తరుములాటకూ వేసారిన పిల్లకు అది ఎంత పెద్ద మాటో మీకు వేరే చెప్పాలా?

వంట చేసే షెడ్డు అడ్రసుతోనే దరఖాస్తు పెట్టింది. మా ఇన్‌స్పెక్టర్ పదిన్నరకు ఆఫీసుకు వచ్చి, చాయ తాగి, పేపరు చూసి, పదకొండు దాటాక హఫీజ్‌పేట్ వెళ్ళాడు. షెడ్డుకు తాళం. తల్లీ బిడ్డా ఇంకా గచ్చిబౌలి రోడ్డు మీద మిగిలిన పులిహోర అమ్ముకుంటున్నారు మరి. "తాళం వేసి ఉంది, వ్యాపారం కనపడలేదు" అని రాశాడు. మేడమ్ అబ్జెక్షన్ పెట్టింది. ఆఫీసరుగారు మళ్ళీ చూసి రమ్మన్నారు. ఈసారి వచ్చే రోజు తెలుసుకుని ఆ పిల్ల అమ్మకం మానుకుని పొద్దంతా షెడ్డులోనే కూర్చుంది. ఆ రోజు సారుకు మీటింగు పడింది, వెళ్ళలేదు. తర్వాత ఒక రోజు చెప్పకుండా వెళ్ళాడు. చెప్పి వెళ్తే తనిఖీ ఎలా అవుతుందంటాడు. మళ్ళీ తాళం.

ఆ సంగతి తెలిసిన రోజే ఆ పిల్ల మా మెట్లెక్కి వచ్చింది. చేతులకు ఇంకా పిండి ఉంది.

"ఏంది సారూ, మీరు నా ఇంటికి తాళం చూడనీకే వస్తున్నరా?"

ఇన్‌స్పెక్టర్ తల ఎత్తకుండానే అన్నాడు, "చూడమ్మా, నేను ఆఫీసు టైంల వచ్చిన. నువ్వు లేవు."

"పదకొండింటికి ఇడ్లీ ఎవడు తింటడు సారూ? మీరు తింటరా?"

"నేనేం తింట అన్నది గాదు. రూలు..."

"గా రూలు రాసినాయన పొద్దుగాల ఏం తినకుంటనే రాసిండా?"

ఆఫీసంతా చేతిలో పని ఆపేసింది. ఆ పిల్ల గొంతు తగ్గలేదు.

"రోజూ కింద గేటు కాడ జై తెలంగాణ అంటరు గద. మావోళ్ళకు కొలువులు గావాలె అంటరు. నేను పాలమూరు పిల్లనే గద సారూ. నేను కొలువు అడుగుతలేను. నా వంట నన్ను చేసుకోనియ్యుండ్రి అంటున్న. దానికి గూడ రాష్ట్రం రావాల్నా?"

ఇన్‌స్పెక్టర్ మొహం ఎర్రబడింది. నేను మంచినీళ్ళ గ్లాసు ఇచ్చి మెల్లగా బయటికి తీసుకొచ్చాను. మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. "కాకా, మల్ల గా రోడ్డు మీదికే పోవాల్నా?" అంది. ఏం చెప్పను? ఆఫీసరుగారు ఇంకోసారి చూసి రమ్మని రాశారని మాత్రం చెప్పాను. "మల్ల పదకొండింటికేనా?" అంది ముక్కు తుడుచుకుంటూ.

ఆ ఇంకోసారి రాకముందే పెన్ డౌన్ మొదలైంది.

మీలో చాలామందికి తెలియదు కాబట్టి చెప్తున్నాను. తెలంగాణ రాష్ట్రం కోసం సాగిన ఉద్యమంలో ఉద్యోగులం చేసిన పోరాటం అది. ఆఫీసుకు వస్తాం, కలం పట్టం. కింద టెంటు వేసుకుని కూర్చుంటాం, పాటలు, డప్పులు, ఉపన్యాసాలు. ఇన్‌స్పెక్టర్ సారు పొద్దున్నే మైకు పట్టి "ఒక్క ఫైలు గూడ కదలొద్దు" అనేవాడు. మా ఫైళ్ళు మామూలు రోజుల్లో మాత్రం ఎక్కడ పరుగెత్తాయని, నాకు నవ్వొచ్చేది. అయినా చప్పట్లు కొట్టేవాణ్ణి. నాకూ కావలసిందే కదా తెలంగాణ.

ఆఫీసరుగారు మాత్రం రోజూ వచ్చి, తన గది తానే తెరుచుకుని, పైన ఒక్కడే కూర్చునేవాడు. ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు. ఆయనా మమ్మల్ని ఏమీ అనలేదు. మెట్ల మీద ఎదురైతే "బాగున్నారాండీ" అని అడిగేవాడు, అంతే.

తర్వాత వంటావార్పు పెట్టాలనుకున్నాం. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, వచ్చిన వాళ్ళందరికీ పెట్టి, రోడ్డు మీదే కూర్చుని తినడం. ఆ రోజుల్లో ఊరూరా చేసేవాళ్ళు. బియ్యం ఒకరు తెచ్చారు, పప్పు ఒకరు, కూరగాయలు ఒకరు. ముందు రోజు సాయంత్రం మేడమ్ అడిగింది, "గంజులు ఏవి?"

గంజులు, అంటే అంతమందికి వండే పెద్ద గిన్నెలు, ఎవరూ తేలేదు. ఇన్‌స్పెక్టర్ ఆ పని గుమాస్తాలకు చెప్పాడు. గుమాస్తాలు అది తమ సీటు పని కాదని టైపిస్టుకు చెప్పారు. టైపిస్టు, అటెండర్లు చూసుకుంటారులే అనుకుంది. అటెండరైన నాకు ఎవరూ చెప్పలేదు. ప్రజల పనిని మేము ఎట్లా తిప్పుతామో మా అన్నాన్ని కూడా అట్లాగే తిప్పాం. టెంట్ హౌసులకు పోతే ఒక్క గిన్నె లేదు. మియాపూర్ నుంచి ఇటంతా మర్నాడు వంటావార్పులే.

"నాకు ఒక ఇల్లు ఎరుక" అన్నాను ఇన్‌స్పెక్టర్‌తో. "కాని పొద్దుగాలనే పోవాలె. ఆలస్యమైతే తాళం ఉంటది."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. అర్థమైంది. అయినా గంజులు కావాలి కదా, బయల్దేరాడు.

ఇంకా తెల్లవారలేదు. ఆయన స్కూటర్ వెనక కూర్చుని హఫీజ్‌పేట్ పోయాం. సందు మొదట్లోనే పోపు వాసన. షెడ్డు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. రెండు పొయ్యిలు మండుతున్నాయి. తల్లి పిండి రుబ్బుతోంది, ఆ పిల్ల ఇడ్లీ పాత్ర మూత ఎత్తింది, ఆవిరి గుప్పుమంది. ఆ ఆవిరిలోంచి మమ్మల్ని చూసింది.

"అమ్మా, సార్లొచ్చిండ్రు. జర తాళం ఏసి రా, లేకుంటె గుర్తుపట్టరు."

తల్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఇన్‌స్పెక్టర్ నేల చూశాడు. తర్వాత పొయ్యిలు చూశాడు, గోడకు బోర్లించిన గంజులు చూశాడు. నేనే అడిగాను.

"ఇస్త కాకా. ఎందుకియ్య? నేను గూడ తెలంగాణనే" అంది. "కాని గంజులు ఒక్కటే రావు. నేను గూడ వస్త. ఈ సార్ల చేతుల పెడ్తె అన్నం మాడబెడ్తరు."

రోడ్ల మీద వంటావార్పుల వల్ల ఆ రోజు ఆఫీసు బస్సులు తిరగవని నేను చెప్పాను. చేసినంత టిఫిను బస్తీలో పంచేసి, తల్లీ బిడ్డా గంజులతో సహా మా టెంటుకు వచ్చేశారు. వస్తూనే ఆ పిల్ల కొంగు బిగించి అందరికీ పనులు చెప్పింది. ఇన్‌స్పెక్టర్‌కు ఉల్లిగడ్డలు. ఆయన కళ్ళనీళ్ళు తుడుచుకుంటుంటే, "ఏడ్వకుండ్రి సారూ, వస్తది తెలంగాణ" అంది. డప్పు కొట్టేవాళ్ళు డప్పు ఆపి నవ్వారు. మేడమ్ పప్పులో ఉప్పు చాలదని అబ్జెక్షన్ పెట్టింది. "తినేటప్పుడు చెప్పుండ్రి మేడం, ఇంక ఏసిందే లేదు" అని గంటె చూపించింది ఆ పిల్ల. మేడమ్ నోరు మూయించిన మనిషిని నేను అదే మొదటిసారి చూడడం.

అన్నం, పప్పు, వంకాయ కూర, పచ్చిపులుసు. టెంటు వాళ్ళు, ఆటోల వాళ్ళు, సెక్యూరిటీ గార్డులు, కాపలాకు వచ్చిన పోలీసులు కూడా రోడ్డు మీదే బంతిగా కూర్చున్నారు. వడ్డిస్తూ ఆ పిల్ల పైకి చూసింది.

"కాకా, పైన గా సారు ఉన్నడు గద. తిన్నడా?"

"ఆయన సమ్మెల లేడు" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"అయితె ఆకలి గాదా?"

ఆ పిల్ల ఒక పళ్ళెంలో అన్నీ వడ్డించుకుని మెట్లెక్కింది. మంచినీళ్ళు పట్టుకుని వెనకే నేను.

ఆఫీసరుగారు పళ్ళెం చూసి లేచి నిలబడ్డాడు. "నాకా అండీ?" అన్నాడు. పాపం, ఆ మాటలో అన్నాళ్ళ ఒంటరితనమూ వినపడింది. కూర్చుని తిన్నాడు. పచ్చిపులుసు ఇంకొంచెం అడిగాడు.

"చాలా బాగా చేశావమ్మా. ఎక్కడ నీ హోటలు?"

"హోటలా సారూ? మీరే వద్దంటిరి గద. తాళం ఉన్నదని రాసిండ్రు."

ఆయన చెయ్యి నోటి దగ్గరే ఆగిపోయింది. నన్ను చూశాడు. నేను తల ఊపాను. ఉగాది ఎన్నాళ్ళో లేదు, కౌంటర్ పోతుంది అని ఆ పిల్ల ఈసారి అరవకుండా, మెల్లగా చెప్పింది.

"నేనే వెళ్ళి చూడొచ్చండి, నాకు ఆ అధికారం ఉంది" అన్నాడాయన చేయి కడుక్కుంటూ. "కానీ ఫైలు కావాలి. అది ఇన్‌స్పెక్టర్‌గారి బీరువాలో ఉంది. తాళంచెవి ఆయన దగ్గర. నేను అడగలేనమ్మా. అడిగితే సమ్మె విరగ్గొట్టమని అడిగినట్టే."

ఆ పిల్ల గిర్రున తిరిగి మెట్లు దిగింది. చేతిలో గంటె అట్లాగే ఉంది. టెంటు మధ్యకు పోయి, అందరూ వినేటట్టు అడిగింది.

"సారూ, నీ బీరువా తాళంచెవి ఇయ్యి."

ఇన్‌స్పెక్టర్ తెల్లబోయాడు. పొద్దున్నే మైకులో ఒక్క ఫైలు కదలొద్దన్నవాడు. ఒక గుమాస్తా లేచాడు. "ఇయ్యాల ఒక్క ఫైలు కదిలితె రేపు అందరు వస్తరు. ఇగ మన సమ్మె ఏముంటది?" అన్నాడు. ఆ మాటలో తప్పు లేదు. ఇంకొకడు "ఆంధ్రా ఆఫీసరు సంతకానికి మన తాళంచెవా?" అన్నాడు. ఆ మాటలో తప్పుంది. కానీ ఆ రోజుల్లో అనేవాళ్ళు.

ఇన్‌స్పెక్టర్ జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. తియ్యలేడు, కాదనలేడు. ఇస్తే ద్రోహి అంటారు. ఇవ్వకపోతే, పొద్దున ఆ ఆవిరి ఆయన కళ్ళారా చూసి వచ్చాడు. నాకు ఆయన మీద జాలేసింది. ఆ పిల్ల గంటె పట్టుకుని కదలకుండా నిలబడింది.

అప్పుడు మేడమ్ చేయి కడుక్కుని, కొంగుకు తుడుచుకుంటూ లేచింది.

"అబ్జెక్షన్" అంది. "మనం ఇచ్చిన నోటీసుల ఏమున్నది? పెన్ డౌన్. కలం ముట్టొద్దు. తాళంచెవిల సిరా ఉన్నదా?"

అందరి మొహాలూ చూసి తనే అంది, "లేదు గద. ఇయ్యొచ్చు."

"మరి ఫైలు ఎవరు తియ్యాలె మేడం?" అన్నాడు గుమాస్తా.

"ఉద్యోగి తియ్యొద్దు. ఆ పిల్ల ఉద్యోగి గాదు. ఆమెనే తీసుకుంటది."

ఎవడో ఫక్కున నవ్వాడు. ఆ నవ్వు టెంటంతా పాకింది. సర్వీసంతా పనులు ఆపడానికి వాడిన తెలివిని ఆమె ఆ ఒక్క రోజు పని జరగడానికి వాడింది. ఇన్‌స్పెక్టర్ జేబులోంచి తాళంచెవి తీసి ఆ పిల్ల చేతిలో పెట్టాడు. డప్పు మళ్ళీ మోగింది.

పైన బీరువా తెరిస్తే ఫైళ్ళ గుట్ట. ఆ పిల్లకు ఏదో తెలియదు. గుమ్మం బయట ఇన్‌స్పెక్టర్ మావైపు వీపు పెట్టి నిలబడి, ఉద్యమ పాట రాగంలో అందుకున్నాడు, "పైనుంచి రెండో అరల, నీలి అట్టల, కుడి పక్కన..." నేను పొట్ట పట్టుకుని నవ్వాను. సర్వీసంతా ఫైళ్ళు మోసింది నేను. ఆ రోజు మాత్రం దరఖాస్తు పెట్టుకున్న మనిషే తన ఫైలు తాను మోసుకుంటూ ఆఫీసరు గదిలోకి పోయింది.

మర్నాడు తెల్లవారుజామున ఆఫీసరుగారు లింగంపల్లిలో లోకల్ రైలెక్కి హఫీజ్‌పేట్‌లో దిగాడు. డ్రైవరు సమ్మెలో ఉన్నాడు. నేనూ సమ్మెలోనే, అందుకని డ్యూటీ మీద కాకుండా, పొద్దున నడకకు వచ్చినవాడిలా ఆయన వెనక నడిచాను. సందులో జెండా కడుతున్న పిలగాండ్లు అడ్డం వచ్చారు.

"ఏ ఊరు సారూ మీది?"

అబద్ధం చెప్పినా పోయేది. "గుంటూరు దగ్గరండి" అన్నాడు. పిలగాండ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. లోపలినుంచి ఆ పిల్ల తల్లి పిండి చేతులతో వచ్చింది. "మా ఇంటికొచ్చిండు. జరుగుండ్రిరా" అంది. జరిగారు.

ఆఫీసరుగారు షెడ్డు గడపలో నిలబడ్డాడు. ఆవిరికి కళ్ళద్దాలు మసకబారాయి. తుడుచుకున్నాడు, మళ్ళీ మసకబారాయి. "కనపడుతోందండి, కనపడుతోంది" అన్నాడు, ఎవరితోనో తెలియదు. పిండి డబ్బా మీద కాగితం పెట్టి, చూసింది చూసినట్టు స్వయంగా రాశాడు. ఆయనే ఇన్‌స్పెక్టర్, ఆయనే గుమాస్తా, ఆయనే ఆఫీసరు.

ఉగాదికి ముందే నంబరు చేతికి వచ్చింది. కౌంటర్ ఆ పిల్లకే ఇచ్చారు.

తర్వాత పెన్ డౌన్ అయిపోయింది. తెలంగాణ అప్పటికి రాలేదు. అందరం మళ్ళీ కలాలు పట్టుకుని, మొహాలు వేలాడేసుకుని కూర్చున్నాం. అట్లాంటి ఒక రోజు మెట్ల మీద ధనధన చప్పుడు. ఆ పిల్లే. చేతిలో మా ఆఫీసు నోటీసు. నంబరు తీసుకున్నవాళ్ళు నెలనెలా ఎంత అమ్మారో లెక్క రాసివ్వాలి. ఆమె ఇవ్వలేదు.

"ఏంది సారూ ఇది? అన్నం పెట్టినదానికి నోటీసా?"

"నంబరు ఉన్నోళ్ళందరికి పోతదమ్మా" అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఆ వారంలో ఆయన నవ్వడం అదే మొదలు.

"నెలనెలా లెక్క ఇయ్యాలని నాకు ఎవ్వలు చెప్పిండ్రు? చెప్పేటోళ్ళు రోడ్డు మీద ఉల్లిగడ్డలు కోస్తుండిరి!"

ఆ కేకకు ఆఫీసరుగారు గదిలోంచి బయటికి వచ్చాడు. నోటీసు మీద సంతకం ఆయనదే. "చట్టమండి" అన్నాడు నసుగుతూ. తర్వాత తనే కుర్చీ లాగి కూర్చుని, ఎక్కడ ఏం రాయాలో చూపించాడు. ఇటుపక్క ఇన్‌స్పెక్టర్, వెనక నిలబడి మేడమ్. ఆ పిల్ల రాసిన ప్రతి అంకెకూ మేడమ్ అబ్జెక్షన్. ఆ పిల్ల తిట్టుకుంటూ దిద్దింది. నలుగురూ ఒక కాగితం మీదికి వంగి అరుచుకుంటుంటే, నేను చాయ తెచ్చి పక్కన పెట్టినా ఎవరూ చూడలేదు.

పని అయ్యాక మెట్ల దాకా నేనూ వచ్చాను.

"ఇగ నెలనెలా రావాల్నా కాకా?"

"రావాలె బిడ్డా."

"చావొచ్చింది పో." రెండు మెట్లు దిగి ఆగింది. "సరే, వచ్చేటప్పుడు సార్లకు ఏం తేవాలె? పులిహోర తేనా?"

"ఏం తేకు బిడ్డా" అన్నాను. "ఇప్పుడు నీకు నంబరుంది. తెస్తె లంచమంటరు."

ఆ పిల్ల నవ్విన నవ్వుకు కింద సెల్‌ఫోన్ల దుకాణం వాడు బయటికి వచ్చి పైకి చూశాడు.